సోడాబుడ్డి కథా కమామిషు

పల్నాటి ఊళ్ళలో ఒట్టి పేరుతో మనిషిని పట్టుకోవడం కష్టం. కోటప్పకొండ త్రికోటేశ్వరుడి చలవ వల్ల వీధికి నలుగురు కోటయ్యలు, ముగ్గురు కోటేశ్వరరావులు, అంతమంది కోటేశ్వరమ్మలు ఉంటారు. అందుకని పేరు ముందు ఏదో ఒక గుర్తు తగిలిస్తారు. ట్రాక్టరు కోటయ్య, మిల్లు కోటయ్య, పొట్టి కోటయ్య. ఆ వరసలోనే కళ్ళజోడు కోటయ్య. అలా పిలిచినంత మాత్రాన ఏ కోటయ్యా నొచ్చుకోడు. అదే మనిషిని "ఏరా సోడాబుడ్డీ" అని చూడండి, మొహం మారిపోతుంది.

నేను సత్తెనపల్లిలో కంటి వైద్యం చేస్తాను. నెలకోసారి బెల్లంకొండ వెళ్ళి అక్కడ ఓ పూట కళ్ళు చూస్తాను. గోడకు అక్షరాల చార్టు తగిలించకముందే వచ్చినవాళ్ళను వరండాలోకి తీసుకెళ్ళి "కొండ మీద కోటగోడ ఆనుతోందా?" అని అడగడం అలవాటైంది. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటి దండయాత్రలో పట్టుకున్న కోట అది. చదువు రానివాళ్ళకు కూడా తెలిసిన చార్టు నాకు అదొక్కటే. "కొండ కనపడుద్దండీ, గోడ మాత్రం మసక" అన్నారంటే నంబరు ఎంతలో ఉండొచ్చో ఓ అంచనా వస్తుంది. ఆ తర్వాత అసలు పరీక్ష చేసి చీటీ రాయడం అరగంట పని. రాసిన అద్దాలు ముక్కు మీద నిలబడతాయా, బీరువాలో పడుంటాయా అనేది మాత్రం నా చేతిలో ఉండదు. అది పెట్టుకున్నవాళ్ళ చుట్టూ ఉన్న నోళ్ళను బట్టి ఉంటుంది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నాకు తేలిన విషయం ఇదే కనుక, ఆ నోళ్ళలో ఎక్కువగా నలిగే మాట దగ్గరే మొదలుపెడతాను.

సోడాబుడ్డి అంటే గోలీసోడా సీసా. హిరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసు ఒత్తిడికి పగలకుండా గాజు దళసరిగా పోస్తారు, అడుగున మరీ దళసరి. ఎండాకాలంలో సోడా తాగేసి, సీసా అడుగు కంటికి ఆనించుకుని బజారును వంకరటింకరగా చూసిన ప్రతివాడికీ ఈ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. తమిళులు కూడా "సోడాబుట్టి" అనే అంటారు. హైదరాబాదులో చదివే పిల్లల నోట "చష్మిష్" వినపడుతుంది. "నాలుగు కళ్ళోడు" అన్నిచోట్లా ఉన్నదే. వీటన్నిటికంటే మర్యాదైన మాట "సైటు". "మావాడికి సైటొచ్చిందండీ" అంటారు తల్లులు, జలుబొచ్చిందన్నట్టుగా.

ఈ మాటలకు వాడుకలో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఈడువాడు ఈడువాణ్ణి సోడాబుడ్డి అనొచ్చు, రెండోవాడు తిరిగి ఏదో ఒకటి అంటాడు, చెల్లుకు చెల్లు. మేనమామ మేనల్లుణ్ణి అనొచ్చు. పిల్లలు మాస్టారి వెనకాల అనొచ్చు, ఎదురుగా అనకూడదు. ఆడపిల్లను అంటే తగవే. పెద్దవయసు మనిషిని అసలు అనరు. ఆయనవి "అద్దాలు" లేదా "జోడు". నల్లద్దాలు పెట్టుకున్నవాణ్ణి కూడా ఎవరూ ఏమీ అనరు. అవి కూలింగ్ గ్లాసులు, స్టైలు. చూపు కోసం పెట్టుకుంటే వెక్కిరింపు, షోకు కోసం పెట్టుకుంటే మెచ్చుకోలు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

అసలు సోడాబుడ్డి అద్దాలు రెండు రకాలు. దూరం కనపడనివాళ్ళకిచ్చే మైనస్ అద్దం నడుమ పలచగా, అంచున దళసరిగా ఉంటుంది. నంబరు ఎక్కువైతే అంచుల్లో వలయాలు వలయాలుగా గీతలు కనిపిస్తాయి, లోపలి కళ్ళు చిన్నవైపోతాయి. రెండోది ప్లస్ అద్దం. అది నడుమ ఉబ్బి ఉంటుంది, దాని వెనక కళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి. ముప్ఫై నలభై ఏళ్ళ కిందట మా పల్లెల్లో అరుగుల మీద కనిపించిన సోడాబుడ్లు చాలావరకు ఈ రెండో రకానివే. అవి శుక్లాల ఆపరేషన్ అద్దాలు.

అప్పట్లో శుక్లం ముదిరితే కంట్లో ఉన్న సహజమైన కటకాన్ని తీసేసేవారు, దాని స్థానంలో ఏమీ పెట్టేవారు కాదు. ఆ లోటు పూడ్చడానికి ప్లస్ పది నంబరు అద్దాలు ఇచ్చేవారు. అవి పెట్టుకుంటే ప్రతి వస్తువూ పావువంతుకు పైగా పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. మంచినీళ్ళ గ్లాసు ఉన్నచోటు కాక దానికి ఇవతల చెయ్యి పడుతుంది. చూపు చుట్టూ వలయంలాగా కొంత మేర కనపడదు. పక్కనుంచి వచ్చే సైకిలు ఉన్నట్టుండి ముందు ఊడిపడినట్టు ఉంటుంది. గడప దాటాలంటే తల మొత్తం వంచి చూసుకోవాలి.

కొండ కింద ఊరి నుంచి అలాంటి అద్దాలతో ఒక పెద్దాయన వచ్చేవారు. ఎప్పుడో క్యాంపులో రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకున్నారు. ఫ్రేము కాడ విరిగితే రాగితీగ చుట్టుకున్నారు, చెవి దగ్గర ఒరుసుకోకుండా దానికి గుడ్డపీలిక కట్టుకున్నారు. తీసి చేతిలో పెడితే ఆ జోడు బరువుకు నాకే ఆశ్చర్యమేసింది. ముక్కుకు రెండు వైపులా గుంటలు పడి చర్మం నల్లబడిపోయింది. "పెద్దాయనా, ఇప్పుడు లోపలే లెన్సు పెడతాం, ఈ బరువు మొయ్యక్కర్లేదు" అన్నాను. ఆయన నవ్వి, "మొయ్యనీ నాయనా. ఇది లేనప్పుడు నన్ను జనం చెయ్యి పట్టుకుని మోశారు" అన్నారు. ఆయనను ఊళ్ళో ఎవరైనా వెక్కిరించారేమో అడిగాను. "పిల్లకాయలు అంటారు. ఎవురు అన్నారో కనపడుద్దిగా, కర్ర తీసుకుంటా" అన్నారు. ఆ తరానికి సోడాబుడ్డి వెక్కిరింపు కాదు, గుడ్డితనం పోయిందనడానికి సాక్ష్యం.

ఆ అద్దాలు ఎలా పోయాయో కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ అద్దాలు పగిలి, ఆ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ ప్లాస్టిక్ ముక్కల్ని కన్ను తిప్పికొట్టకపోవడం గమనించిన హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు 1949 నవంబరులో లండన్‌లో మొదటిసారి కంట్లో లెన్సు అమర్చాడు. ఆ లెన్సు మన పల్లెదాకా రావడానికి నలభై ఏళ్ళు పైనే పట్టింది. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రివాళ్ళు 1992లో ఆరోల్యాబ్ పెట్టి చవగ్గా లెన్సులు తయారుచేయడం మొదలుపెట్టారు. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ఆపరేషన్ల కార్యక్రమం మొదలైంది. ఆ దశాబ్దంలోనే అరుగుల మీది సోడాబుడ్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి.

మైనస్ అద్దాలు కూడా పలచబడ్డాయి. కాంతిని ఎక్కువగా వంచే పదార్థమైతే తక్కువ మందంతోనే సరిపోతుంది. మామూలు గాజుకు ఆ వంచే గుణకం 1.52 అయితే, ఇప్పుడు 1.67, 1.74 గుణకం ఉన్న ప్లాస్టిక్ లెన్సులు దొరుకుతున్నాయి. వజ్రానికి 2.42. కోహినూరు పుట్టిందని చెప్పుకునే కొల్లూరు గని మా బెల్లంకొండ మండలంలోదే, పులిచింతల నీళ్ళలో మునిగింది. అక్కడి వజ్రంతో అద్దాలు కోయించుకునే స్తోమత ఉంటే ఎంత నంబరున్నా సోడాబుడ్డి అనే పనే లేదని పిల్లలతో అంటుంటాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వితే నాకు సగం పని అయినట్టే.

వస్తువు పోయింది గానీ మాట పోలేదు. ప్లస్ పది మోసిన తాత మీదినుంచి లేచి మైనస్ ఒకటిన్నర పెట్టుకున్న మనవడి మీద వాలింది. అద్దం కాగితమంత పలచగా ఉన్నా పేరు అదే. తాతకు కర్ర ఉంది. మనవడి దగ్గర ఏమీ లేదు, జోడు తీసి సంచిలో పడేయడం తప్ప.

ఏడో తరగతి కుర్రాణ్ణి వాళ్ళమ్మ ఏడాదిలో మూడోసారి తీసుకొచ్చింది. "అద్దాలు రాయించినా చదువు రావట్లా సారూ. నంబరు పెరిగిందేమో చూడండి." చూశాను, పెద్దగా పెరగలేదు. జోడు తీసుకుని వెలుతురులో పట్టుకుంటే అద్దాల మీద ఒక్క గీత లేదు. కాడల మడతలు కొత్తవాటిలాగా బిగుతుగా ఉన్నాయి. రోజూ పెట్టుకునే పిల్లాడి అద్దాలు అలా ఉండవు. చెమట మరకలు, చొక్కా అంచుతో తుడిచిన గీతలు, ఒక పక్కకు వంగిన కాడ ఉంటాయి. తల్లిని బయట కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు: బడి గేటు దాటగానే తీసేస్తాడు, సాయంత్రం ఇంటి మలుపులో పెట్టుకుంటాడు. బోర్డు మీద రాసింది పక్కవాడి పుస్తకంలో చూసి ఎక్కిస్తాడు. పక్కవాడు తప్పు రాస్తే వీడికీ తప్పే. క్లాసులో అద్దాలున్నది తనొక్కడికేనట.

వాడికి నేను చెప్పిన ధైర్యం దేనికీ పనికిరాలేదు. పనిచేసింది వేరే. 2019 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం కంటి వెలుగు పథకం మొదలుపెట్టి, ముందు బడిపిల్లల కళ్ళు పరీక్ష చేయించింది. వాడి తరగతిలో ఇంకొందరికి సైటుందని తేలి, అందరికీ అద్దాలొచ్చాయి. అందులో ఒకడు కబడ్డీ జట్టు నాయకుడు. తర్వాతిసారి వచ్చినప్పుడు మావాడి జోడు గీతలు పడి, కాడ వంగి ఉంది. ఇంతకంటే మంచి రిపోర్టు నాకు అక్కర్లేదు. వెక్కిరింపుకు ఒంటరివాడు కావాలి. నలుగురైతే అది పనిచేయదు. బడిపిల్లలను గుంపుగా పరీక్ష చేయడంలో ఇంత లాభం ఉందని ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

తల్లిదండ్రులకు ఇంకో అపోహ ఉంది: అద్దాలు అలవాటు చేస్తే నంబరు పెరుగుతుందని. పిల్లల్లో నంబరు పెరిగేది కంటిగుడ్డు పొడవు పెరగడం వల్ల. ఒక్క మిల్లీమీటరు పెరిగితే రెండున్నర, మూడు నంబర్లు వస్తాయి. ఒళ్ళు ఎదిగే వయసులో కన్నూ ఎదుగుతుంది, అద్దాలు పెట్టుకున్నా మానినా సరే. కావాలని తక్కువ నంబరు అద్దాలిచ్చి చూసిన పరిశోధన ఒకటి 2002లో మలేషియా నుంచి వచ్చింది. అలా ఇచ్చిన పిల్లల్లోనే నంబరు వేగంగా పెరిగింది. పెరుగుదలను కాస్త నెమ్మదింపజేసేది ఆరుబయట వెలుతురు. రోజూ రెండు గంటలు ఎండపొడలో ఆడుకోనివ్వమని నేను చెప్పేది అందుకే. పల్లెపిల్లలకు ఒకప్పుడు ఇది చెప్పాల్సిన పనే ఉండేది కాదు. సెల్‌ఫోన్ వచ్చాక చెప్పాల్సి వస్తోంది.

ఏడో తరగతివాడు అద్దాలు మానితే మార్కులు పోతాయి, మళ్ళీ పెట్టుకుంటే చూపు వస్తుంది. అయిదేళ్ళ పిల్ల మానితే అలా కాదు. ఒక కంటికి నంబరు లేక, రెండో కంటికి ఎక్కువగా ఉంటే, మెదడు బాగున్న కంటినే వాడుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. దీన్ని లేజీ ఐ అంటాం. ఏడెనిమిదేళ్ళ లోపల అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొంతసేపు పట్టీ వేసి, వదిలేసిన కంటితో పని చేయించాలి. ఆ వయసు దాటాక చూపు తెప్పించడం చాలా కష్టం. అలాంటి పిల్లకు అద్దాలు, పట్టీ ఇచ్చి పంపితే ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ "ఇంత చిన్నపిల్లకు సోడాబుడ్లేంటే, రేపు పెళ్ళెట్టా అవుద్ది?" అందట. నాయనమ్మ వాటిని పెట్టెలో పెట్టేసింది. అదృష్టం బాగుండి అంగన్‌వాడీ ఆయా ఆ సంగతి నాతో చెప్పింది. నాయనమ్మను పిలిపించి, పిల్ల మంచి కంటిని అరచేత్తో మూసి, ఆవిడనే ఎదురుగా నిలబెట్టి "ఎవరమ్మా?" అని అడిగాను. పిల్ల కాసేపు చూసి అత్త పేరు చెప్పింది. ఆ సాయంత్రమే పెట్టె తెరుచుకుంది. చుట్టపావిడ అన్నది కడుపులో పెట్టుకుని అన్న మాట కాదు. అయినా ఇంకో రెండేళ్ళు అలాగే గడిచుంటే ఒక కన్ను పోయేది.

పెళ్ళి మాట వచ్చింది కనుక అది కూడా చెబుతాను. సంబంధం చూడటానికి వచ్చేవాళ్ళు కట్నకానుకల తర్వాత అడిగే ప్రశ్నల్లో "అమ్మాయికి సైటుందా?" అనేది ఇప్పటికీ ఉంది. అబ్బాయికి ఉంటే సాఫ్ట్‌వేర్ కళ అంటారు. డిగ్రీ చదివిన అమ్మాయి, మైనస్ ఆరు. తండ్రి లేజర్ చేయించాలని తీసుకొచ్చాడు. పెళ్ళిచూపులు అయిపోయాయి, కబురు రావాల్సి ఉంది. అద్దాలు తీసేసి కూర్చోబెట్టారట.

"పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడమ్మా?" అన్నాను, పరీక్ష చేస్తూ.

"తెల్ల చొక్కా వేసుకున్నాడండి" అంది.

తండ్రి తల దించుకున్నాడు. లేజర్ అంటే కంటి ముందున్న నల్లపాప మీది పారదర్శకమైన పొరను చెక్కి, వంపు మార్చడం. పద్దెనిమిదేళ్ళు నిండాలి, నంబరు నిలకడగా ఉండాలి, అన్నిటికీ మించి ఆ పొరకు తగినంత మందం ఉండాలి. ఈ అమ్మాయికి పొర పలచన, పైగా వంపులో కొంచెం అనుమానం. చెక్కితే ఆ పొర ముందుకు ఉబ్బి, అద్దాలతో కూడా సరిగా కనపడని స్థితి రావచ్చు. వద్దన్నాను. "ఇంకెక్కడైనా చేస్తారేమో" అన్నాడు తండ్రి. అప్పుడు అమ్మాయే, "నాన్నా, ఆయనకు నా కళ్ళద్దాలు నచ్చకపోతే మానెయ్యనీ. నేను ఆయన్ని చూడనైనా చూళ్ళేదుగా" అంది. ఆ సంబంధం కుదిరిందో లేదో నేను అడగలేదు. నేను ఇవ్వాల్సిన సలహా మాత్రం ఆ అమ్మాయే ఇచ్చింది.

పెద్దవాళ్ళ బెంగ ఇంకో రకం. మిరపకోతలు ముగిసే రోజుల్లో, కల్లంలో తాలుకాయలు ఏరే పనికి వెళ్ళే ఒకామె తలనొప్పి అంటూ వచ్చింది. నలభై అయిదు దాటి ఉంటాయి. చత్వారం. నలభై దాటితే అందరికీ వచ్చేదే, కంటిలోపలి కటకం బిరుసెక్కి దగ్గరి వస్తువు మీద నిలవదు. చదువు రానివాళ్ళ కోసం నా బల్ల మీద ఒక పళ్ళెంలో మట్టిబెడ్డలు కలిపిన బియ్యం, ఒక సూది, దారపుండ ఉంటాయి. ఆమె సూది తీసుకుని, దారం ఎంగిలి చేసి, మెలిపెట్టి, చెయ్యి బారెడు చాపి ఒకటికి నాలుగుసార్లు గుచ్చబోయింది. దారం చివర విచ్చుకుపోయింది గానీ బెజ్జంలోకి పోలేదు. ప్లస్ ఒకటిన్నర అద్దాలు పెట్టి ఇచ్చాను. ఒక్కసారికే దూరింది.

"బానే కనపడుతుందయ్యా. కానీ నాకెందుకు? నేనేమన్నా టీచరమ్మనా అద్దాలెట్టుకోను? సంతకం కూడా రాదు. కల్లంలో నవ్వుతారు" అంది.

మగపిల్లాడికి సోడాబుడ్డి ఎలాగో, కూలికెళ్ళే ఆడమనిషికి "టీచరమ్మ" అలాగ. అక్షరం రానివాళ్ళకు అద్దాలు షోకు కింద లెక్క. చీరకొంగున కట్టుకుని తీసుకెళ్ళింది. కొన్నాళ్ళకు ఆ కల్లం యజమానే వేరే పని మీద వచ్చి చెప్పాడు: మొదటిరోజు నిజంగానే నవ్వారట. రెండోరోజు పక్కామె కాలిలో ముల్లు దిగితే, ఈమె జోడు పెట్టుకుని పిన్నీసుతో తీసింది. అప్పటినుంచి "ఇటియ్యవే ఒకసారి" అంటూ ఆ జోడు చేతులు మారుతోందట. ఒక్క జోడు నలుగురికి. తర్వాతి నెల బెల్లంకొండ వెళ్ళినప్పుడు ఆ నలుగురూ వచ్చారు, సూది పరీక్షకు.

దగ్గరి చూపు అద్దాల వల్ల కూలి పనిలో వచ్చే తేడాను అస్సాం తేయాకు తోటల్లో కొలిచారు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అచ్చయింది. నలభై దాటిన కోతకూలీలకు చత్వారపు అద్దాలిస్తే, ఇవ్వనివాళ్ళకంటే వీళ్ళ కోత సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. ఆకు కోయడానికి అక్షరాలు రావాల్సిన పనిలేదు. కాయ ఏరడానికీ అంతే.

అద్దాల్లేకపోవడం చిన్న విషయం అనుకునేవాళ్ళకు ఇంకో లెక్క. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్ళు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించారు. అంధత్వానికి కారణాల్లో శుక్లాల తర్వాతి స్థానం సరైన అద్దాలు లేకపోవడానిదే, దాదాపు 16 శాతం. కత్తి, కుట్టు, మందు ఏమీ అక్కర్లేని గుడ్డితనం అది. వాళ్ళలో చాలామందికి అద్దాలు అందుబాటులో లేవు, నిజమే. ఇప్పుడు మండలాల్లో పరీక్షలు జరుగుతున్నాయి, చవక అద్దాలూ దొరుకుతున్నాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళ విషయంలో అడ్డు చాలాసార్లు జోడు దొరక్కపోవడం కాదు, దొరికింది పెట్టుకోకపోవడం.

అందుకని నా పద్ధతి కొంత మార్చుకున్నాను. ఫ్రేము పిల్లలనే ఎంచుకోనిస్తాను, తండ్రి ఎంచింది వద్దంటాను. గుండ్రటి గాంధీ కళ్ళజోడు కావాలంటే అదే. ఇంట్లో ఇంకెవరికైనా సైటుందేమో వాకబు చేసి వాళ్ళకూ అదేరోజు పరీక్ష చేస్తాను. తండ్రీకొడుకులు ఒకేసారి జోడు పెట్టుకుని ఇంటికెళితే వెక్కిరించడానికి ఇంట్లో ఎవరూ మిగలరు. మాస్టార్లను కోరేది ఒకటే, అద్దాలొచ్చిన పిల్లాణ్ణి మొదటి రోజే బోర్డు మీద ఉన్నది గట్టిగా చదివించమని. చదివితే ఆ జోడు ఎందుకో క్లాసంతటికీ తెలిసిపోతుంది.

సోడాబుడ్డి అనే మాటను ఎవరూ నిషేధించలేరు, నాకా ఉద్దేశం కూడా లేదు. స్నేహితుల మధ్య అది ముద్దుపేరుగా నడిచిపోతూనే ఉంటుంది. నేను కోరేది కొత్తగా జోడు పెట్టుకున్నవాళ్ళకు ఓ పదిహేను రోజుల గడువు. అప్పటికి ముక్కుకూ అలవాటవుతుంది, ఊరికీ అలవాటవుతుంది. ఆ పదిహేను రోజులూ వాళ్ళను అడగాల్సింది "బాగా కనపడుతోందా?" అని మాత్రమే. అవునంటే, ఆ జోడు గురించి ఇక ఊళ్ళో ఎవరికీ పనిలేదు. కాదంటే నా దగ్గరికి పంపండి.